రంగు ఎక్కడికి పోయిందండీ?

మొన్న అమ్మకు నేత చీర కొందామని వన్ టౌన్‌లో ఒక బట్టల కొట్టుకు వెళ్లాను. గుమస్తా ముదురు నీలం చీర ఒకటి నా ముందు పరిచాడు. అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూపించి, "రంగు పోదమ్మా. పోతే తెచ్చి నా మొహాన కొట్టండి" అన్నాడు.

"పోతే ఎక్కడికి పోతుందండీ?" అన్నాను.

అనాలని అనుకోలేదు. కొట్లలో నేను మాట్లాడను. నచ్చినదానికీ తల ఊపి, నచ్చనిదానికీ తల ఊపి, చివరికి నచ్చనిదే కొనుక్కొచ్చే రకం నేను. గుమస్తా నన్ను కాస్త వింతగా చూసి, "ఎక్కడికేంటమ్మా, బకెట్లోకి" అన్నాడు.

"బకెట్లోంచి?"

"మోరీలోకి."

"అక్కణ్ణించి?"

"అమ్మా, మీరు చీర కొంటారా, కాలవ కొంటారా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. గొంతు నాదే గాని మాట నాది కాదు. మా ల్యాబ్ మేడమ్‌ది. ఆవిడ ఈ చలికాలంలో చనిపోయారు. ఆవిడ గుర్తొస్తే బాధపడాలి గదా, నాకు మాత్రం చిరాకే వేసింది. ఉన్నన్నాళ్లూ నన్ను విసిగించింది చాలదన్నట్టు, ఇప్పుడు నా నోట్లోకొచ్చి కూర్చున్నారు!

నీలం చీర తీసుకోకుండానే బయటికొచ్చేశాను.

మాది నీళ్లు పరీక్ష చేసే చిన్న ల్యాబ్. వన్ టౌన్‌లోనే ఒక కిరాణా గోడౌన్ పైన ఉంటుంది. ఎండుమిర్చి లారీ దిగిన రోజున అందరం తుమ్ముతూనే పనిచేస్తాం. నేను చేరేనాటికే మేడమ్ అక్కడ పెద్ద. పరీక్ష కాగితాల మీద సంతకం ఆవిడదే. ఆ సంతకం ఆవిడ చేతిలోంచి రావడమంటే, ఏం చెప్పను, గట్టిగా మూతబిగిసిన పచ్చడి జాడీ తెరిచినట్టే.

నేను డైరీ రాస్తాను. ఎదుటివాళ్లతో అనలేనివన్నీ అందులో అంటాను. ఆవిడ పోయాక ఒకసారి పాత డైరీలు తిరగేస్తే, ఆవిడ కనిపించిన ప్రతి పేజీలోనూ తిట్లే ఉన్నాయి. ఒక్కచోటైనా మంచిమాట రాసి ఉంటానేమోనని వెతికాను. "ఈరోజు మేడమ్ రాలేదు, హాయిగా ఉంది" అని ఉంది.

ఆవిడ తెల్లచీరల్లో వచ్చేవారు. ఆదివారం చర్చికి కట్టుకునే చీరలే, కాస్త పాతబడగానే ల్యాబ్‌కు దిగేవి. మేము పరీక్ష చేసేవాటిలో రంగునీళ్లే ఎక్కువ. అద్దకం షెడ్లవి, అట్టపెట్టెల ఫ్యాక్టరీలవి, ఎర్రవి, పసుపువి, ఆకుపచ్చవి. వాటి మధ్య ఆ తెల్లచీర చూస్తేనే నాకు గుండె దడగా ఉండేది. ఏప్రాన్ వేసుకోండి మేడమ్ అని ల్యాబ్ యజమాని బతిమాలేవారు. "ఏప్రాన్ మీద మరక పడితే నేనేం పట్టించుకోను. చీర మీద పడితే ఏడుస్తాను. ఆ భయంతోనే చెయ్యి సరిగ్గా ఉంటుంది" అనేవారు. అయితే నేనూ వేసుకోను అంటే ఊరుకునేవారా? "నువ్వు వేసుకో. నువ్వు బట్టల కోసం ఏడ్చే రకం కాదు" అనేవారు. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ నాకు తెలియదు.

ఫోన్ మోగితే ఎత్తేవారు కాదు. చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్నా, గది అవతలి మూలలో ఉన్న నన్ను పిలిచేవారు. "అమ్మాయ్, ఫోను." నాకు ఫోన్‌లో కొత్తవాళ్లతో మాట్లాడడమంటే చలిజ్వరం వచ్చినంత పని. అది ఆవిడకు తెలుసు. తెలిసే చేసేవారని నా అనుమానం.

అన్నిటికంటే పెద్ద పీడ 'పోయింది' అన్న మాటతో. రంగునీళ్లు శుభ్రం చేశామని చెప్పుకోవడానికి వచ్చే ప్రతివాళ్లూ వాడే మాట అదే. రంగు పోయిందండీ. వెంటనే ఆవిడ కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, అమాయకంగా మొహం పెట్టి, "ఎక్కడికి పోయిందండీ?" అనేవారు. వచ్చినవాళ్లు తెల్లబోయేవారు. నేను టేబుల్ కింద ఏదో పడిపోయినట్టు వంగేదాన్ని. ఆ ప్రశ్న ఆవిడ పరిహాసానికి అడగడం లేదని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. ఆవిడ నిజంగానే జవాబు కోసం చూసేవారు.

ఆ ప్రశ్నతో ఒక ఊరు ఊరంతటికీ ఆవిడ శత్రువయ్యారు. ఆ సంగతి చెప్పాలి.

పామర్రు దాటాక లోపలికి ఉండే ఊరది. వేసవి ముదరకముందే డెల్టాలో కాలవలు కట్టేస్తారు, ఇక నీళ్లు రావు. కట్టేలోగా ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. మళ్లీ కాలవ వదిలేదాకా ఊరంతా తాగేది ఆ చెరువు నీళ్లే. పెద్దకాలవ నుంచి చెరువుకు ఒక పిల్లకాలవ ఉంది. ఆ పిల్లకాలవ గట్టునే ఒక అద్దకం షెడ్డు వెలిసింది. ఒకరోజు నీళ్లు గులాబీరంగులో వచ్చాయట. సర్పంచిగారు, నలభై దాటిన గట్టి ఆడమనిషి, సీసాలో ఆ నీళ్లు పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. పరీక్ష చేసి, అద్దకం రంగే అని కాగితం ఇచ్చాం. రంగు తీసేస్తేగాని నీళ్లు వదలవద్దని షెడ్డు యజమానికి పైనుంచి నోటీసు వెళ్లింది. నీళ్లు బాగున్నాయని మా కాగితం తెస్తేనే చెరువు తూము ఎత్తనిస్తానని కాలవ ఇంజినీరు గారు అన్నారు.

కొన్నాళ్లకు సర్పంచిగారు మళ్లీ వచ్చారు. ఈసారి నవ్వుతూ వచ్చారు. క్యాన్ టేబుల్ మీద పెట్టి, "చూడండి మేడమ్ గారూ, అద్దంలా ఉన్నాయి. రంగు పోయింది" అన్నారు.

నేను కళ్లు మూసుకున్నాను.

"ఎక్కడికి పోయిందండీ?"

"ఎక్కడికంటే... పోయిందండీ. కనపట్టల్లేదుగా!"

"బస్సెక్కిందా? ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయిందా?"

సర్పంచిగారు నావైపు చూశారు. ఈవిడకు ఒంట్లో బాగానే ఉందా అన్న చూపు. మేడమ్ క్యాన్ మూత తీసి వాసన చూశారు. నన్నూ చూడమన్నారు. ఘాటుగా బ్లీచింగ్ వాసన.

"కాలవలో బ్లీచింగ్ ఎవరు వేశారు?" అన్నారు మేడమ్.

"పంచాయతీ వేసిందండీ. ఊళ్లో అందరూ ఎంత సంతోషపడ్డారో. చెరువులోకి రాకముందే బ్లీచింగ్ వేయించారు, మా సర్పంచమ్మకు ఎంత ముందుచూపో అని."

"పంచాయతీ అంటే మీరేగా?"

"నేనేననుకోండి."

"మీరు వేయించారా?"

సర్పంచిగారు చెంగు సర్దుకున్నారు. "నేను వేయించలేదండీ. సెక్రెటరీ వేయించుంటాడులే అనుకున్నా. అందరూ మెచ్చుకుంటా ఉంటే, నేను కాదు అని ఎట్టా చెప్పను?"

"సెక్రెటరీని అడిగారా?"

"ఆయన నేను వేయించాననుకుంటన్నాడు."

నాకు నవ్వొచ్చింది. మేడమ్‌కు రాలేదు. బ్లీచింగ్ వేసింది షెడ్డు యజమాని. రంగు పోగొట్టమన్నారు గదా, తొట్టెలో బ్లీచింగ్ కుమ్మరించి పోగొట్టాడు. ఊళ్లో అందరికీ చిన్నప్పటినుంచీ బ్లీచింగ్ వాసన అంటే నీళ్లు మంచివని లెక్క. రంగూ పోయింది, పైగా బ్లీచింగ్ వాసన కూడా వస్తోంది. ఇంకేం కావాలి?

మా దగ్గర ఒక యంత్రం ఉంది. నీళ్లలోంచి రకరకాల వెలుగులు పంపించి, ఏ వెలుగును నీళ్లు మింగేశాయో గీత గీసి చూపిస్తుంది. రంగు ఉన్నచోట గీత ఎద్దుమూపురంలా లేస్తుంది. మొదటిసారి తెచ్చిన గులాబీ నీళ్లకు మూపురం చక్కగా కనిపించింది. ఈసారి ఆ చోట గీత చదునుగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది, తొందరగా సంతకం అయిపోతుందని. మేడమ్ మాత్రం గీతకు ఆ చివర, మన కంటికి కనిపించని వెలుగుండే వైపు, వేలు పెట్టారు. అక్కడ గీత కిందికి దిగనే లేదు.

"రంగును విరగ్గొట్టారు. తీయలేదు" అన్నారు. "తీసేస్తే చేతిలో ఉండాలి. అడుగున మడ్డిలాగో, బొగ్గుకు పట్టుకునో. ఏదీ, తీసింది చూపించమనండి."

"ఈ నీళ్లు తాగితే ఏమవుద్దండీ?" అన్నారు సర్పంచిగారు.

"నాకు తెలీదు."

"తెలీనప్పుడు సంతకం పెట్టెయ్యండి మరి! వచ్చే వారం కాలవ కట్టేస్తన్నారు!"

"తెలీదు కాబట్టే పెట్టను."

ఆ రాత్రి డైరీలో నేను సర్పంచిగారి తరఫునే రాసుకున్నాను.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు మేడమ్. పామర్రు దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. షెడ్డు యజమాని మర్యాదస్థుడు. కుర్చీలు వేయించి, కూల్‌డ్రింకులు తెప్పించాడు. అతని మొహంలో దొంగతనం ఏమీ లేదు. నిజంగానే ఏం తప్పు చేశాడో తెలియని మనిషి.

"మీరే గదండీ రంగు తీయమంది? తీశాను. మళ్లీ ఇదేంటి?"

"తీసింది ఎక్కడ పెట్టారు? చూపించండి."

అతను నిజంగానే వెనక్కి తిరిగి షెడ్డంతా చూశాడు. ఆరేసిన బట్టలు, తొట్టెలు, ఖాళీ బ్లీచింగ్ బస్తాలు. "చూపించడానికేముందండీ? పోయిందిగా."

మేడమ్ నావైపు తిరిగి, చూశావా అన్నట్టు తలాడించారు. నాకు ఆ కూల్‌డ్రింకు నెత్తిన పోసుకోవాలనిపించింది.

అసలు గొడవ కాలవ గట్టున జరిగింది. మేడమ్ అడిగింది ఇదీ. షెడ్డు నుంచి చుక్క వదలకూడదు. పిల్లకాలవలో ఇప్పుడున్న నీళ్లు చెరువులోకి రానివ్వకుండా, చివరనుంచి మురుగుకాలవలోకి వదిలెయ్యాలి. పైనుంచి కొత్తనీళ్లు వచ్చి కాలవ కడిగాక, రోజూ పొద్దున నీళ్లు తెచ్చి చూపించాలి. యజమాని కాస్త గొణిగి ఒప్పుకున్నాడు. సర్పంచిగారు ఒప్పుకోలేదు.

"చెరువులోకి పోవాల్సిన నీళ్లు మురుగుకాలవలోకి వదలమంటారా? మీకు మనసెట్టా వచ్చిందండీ? అయ్యి అయిపోతే ఎండాకాలం మేం ఏం తాగాలి? మీ సంతకం తాగాలా?"

బిందెలతో వచ్చిన ఆడవాళ్లు చుట్టూ చేరారు. "అయినా బ్లీచింగ్ వేసిన నీళ్లకు రోగమేంటంట?" అంది ఒకామె. అప్పుడు మేడమ్, ఆ గొడవంతా మధ్యలో, ప్రశాంతంగా నావైపు తిరిగి, "అమ్మాయ్, నువ్వు చెప్పు" అన్నారు.

ఫోన్‌లో అయితే గుండెలు దడదడలాడినా ఎదుటి మొహం కనపడదు. ఇక్కడ అన్ని మొహాలు. ఏం చెప్పాలో తెలియక, దగ్గరగా ఉన్నామె చేతి మట్టిగాజుల వైపు చూశాను.

"గాజు... గాజు పగిలిందనుకోండి" అన్నాను. "చేతికి గాజు ఉండదు. పోయింది అంటాం. కానీ ముక్కలు నేలమీదే ఉంటాయిగా? కనపడకపోయినా కాల్లో గుచ్చుకుంటాయి. బ్లీచింగ్ వేస్తే రంగు అట్లా పగిలింది. ముక్కలు నీళ్లలోనే ఉన్నాయి. అవి ఏం చేస్తాయో మాకూ సరిగ్గా తెలీదు. అందుకని ఊడ్చేశాక తాగమంటున్నాం."

ఆ గాజులామె తన కాళ్లకేసి చూసుకుంది. "పాప చెప్పిందాంట్లో అబద్ధమేముంది?" అంది మెల్లిగా. సర్పంచిగారు పళ్లు నూరుకుంటూనే వెళ్లి, మురుగుకాలవ వైపు అడ్డం తీయించారు. పారిపోతున్న నీళ్లను చూడలేక అటు తిరిగి నిలబడ్డారు.

తిరుగు బస్సులో నేను కిటికీ దగ్గర కూర్చుని లోలోపల పొంగిపోతున్నాను. జన్మలో అంతమంది ముందు మాట్లాడలేదు. మేడమ్ ఏమైనా అంటారేమోనని ఎదురుచూశాను. ఉయ్యూరు దాటాక అన్నారు.

"గాజు పోలిక తప్పు."

"ఏం మేడమ్?"

"గాజు పగిలినా ముక్కలకు రంగు ఉంటుంది. ఇక్కడ రంగే పోతుంది. తప్పు పోలిక."

బెంజ్ సర్కిల్ దాకా కిటికీలోంచి బయటికే చూశాను. ఇంటికెళ్లి రాసిన పేజీ ఇక్కడ రాయదగింది కాదు. ఆ తర్వాత ఎన్నోసార్లు, ఎవరెవరికో, నా ముందే ఆ గాజు కథ ఆవిడే చెప్పారు. ఒక్కసారి కూడా నా పేరు చెప్పలేదు.

సర్పంచిగారు రోజూ మొదటి బస్సుకు నీళ్లు తెచ్చారు. మేడమ్ రోజూ గీత చూసి, ఇంకా, అన్నారు. చివరికి ఒక పొద్దున గీత ఆ చివర కూడా దిగింది. సంతకం పెట్టేముందు కూడా మరోసారి చేయమన్నారు. అదీ చేశాను. 'మేము వెతికినవి కనిపించలేదు' అని రాయించారు. 'లేవు' అని రాయండని సర్పంచిగారు కన్నీళ్లతో అడిగినా, 'కనిపించలేదు' అనే ఉంచారు. ఆ కాగితం పట్టుకుని పరిగెత్తి తూము ఎత్తించేసరికి, కాలవ కట్టేసే రోజు రానే వచ్చింది. చెరువు సగం కంటే కాస్త ఎక్కువ నిండింది. అంతే.

ఆ ఎండాకాలం ఊరివాళ్ల తిట్లన్నీ నేను తిన్నాను. ఫోన్ ఎత్తేది నేనేగా. ట్యాంకరు రాలేదని ఒకరు, వచ్చిన ట్యాంకరు దగ్గర బిందెలు కొట్టుకున్నాయని ఒకరు, "మీ మేడమ్ గారికి ఇంట్లో కుళాయి వస్తందా?" అని ఒకరు. ఆవిడ పక్కనే కూర్చుని పెన్సిల్ చెక్కుకునేవారు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఆ నీళ్లు చెరువులోకి వదిలుంటే ఏం జరిగేదో ఒక్కసారి వాళ్లకు గట్టిగా చెప్పండి మేడమ్. అప్పుడైనా తిట్టడం మానేస్తారు."

"ఏం జరిగేదో నాకు తెలీదన్నానుగా. ఏమీ జరక్కపోను కూడా వచ్చు."

"మరి వాళ్లను ఎందుకింత కష్టపెట్టాం?"

ఆవిడ చాలాసేపు పెన్సిల్ మొన చూశారు. "నాకు తెలీనిదాన్ని ఇంకొకళ్ల పిల్లలకు ఎట్లా తాగించను?" అన్నారు. ఆ ఒక్కమాట ఆ రోజు గట్టు మీద చెప్పివుంటే నాకు అన్ని తిట్లు తప్పేవి.

షెడ్డు యజమాని మాత్రం మొండివాడు. ఈవిడ చేత ఎలాగైనా బాగుందనిపించాలని పట్టుబట్టాడు. పటిక, సున్నం వేసి రంగు అడుక్కి దిగేటట్టు ఒక తొట్టె కట్టించాడు. దాని తర్వాత ఇసుక, బొగ్గు పొరలు పరిచి ఇంకో తొట్టె. మమ్మల్ని పిలిపించి, రంగు పట్టుకున్న బొగ్గు చేతినిండా తీసి, "ఇదిగోండి మేడమ్, తీసింది! చేతిలో ఉంది! చూసుకోండి!" అన్నాడు. అతని మొహం వెలిగిపోతోంది. గీత కూడా రెండు చివర్లా దిగిపోయింది. ఇక ఆవిడ మెచ్చుకోక తప్పదు అనుకున్నాను.

ఆవిడ బొగ్గు ముక్క ఒకటి తీసుకుని, తెల్లచీరకు తగలకుండా దూరంగా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగుంది. ఇప్పుడు ఈ బొగ్గు ఎక్కడ పారేస్తారు?"

అతను అక్కడే గట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. అతని పక్కన కూర్చుని నేనూ తల పట్టుకోవాల్సింది, మొహమాటపడి నిలబడ్డాను.

పోయినవారం సర్పంచిగారు క్యాన్ తీసుకుని మెట్లెక్కి వచ్చారు. కింద మిర్చి దిగినట్టుంది, తుమ్ముకుంటూ వచ్చారు. కాలవ కట్టెయ్యడానికి ఇంకా చాలా రోజులున్నాయి. ఏటా ఇంతే ఇప్పుడు, చాలా ముందుగా తెస్తారు.

"మేడమ్ గారు పోయారంటగా?" అన్నారు.

తల ఊపాను.

"మా ఊళ్లో ఆవిడంటే ఎవరికీ పడదమ్మా. ఉన్నమాట చెబుతున్నా" అని, క్యాన్ టేబుల్ మీద పెట్టి, "ఇప్పుడు సంతకం ఎవరిది?" అన్నారు.

"నాదేనండీ."

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూశారు. నేను నీళ్లు యంత్రంలో పెట్టాను. గీత ఈ చివరా చదునే, ఆ చివరా చదునే. సంతకం పెట్టి పంపెయ్యొచ్చు. పెన్ను కూడా తీశాను. ఎందుకో మళ్లీ పక్కన పెట్టేశాను.

"ఇంకొక్కసారి చూస్తానండీ" అన్నాను. చాలా చిన్నగా అన్నాను. ఇక మొదలవుతుంది తిట్ల పురాణం అని తల వంచుకున్నాను.

సర్పంచిగారు కుర్చీ లాక్కుని, చెప్పులు విడిచి, కాళ్లు రెండూ పైకి పెట్టుకుని కూర్చున్నారు.

"నిదానంగా చూడమ్మా" అన్నారు. "ఇంత ముందు తెచ్చింది అందుకేగా."